పాత పచింకో మెషీన్ కొందామనుకుంటున్నా, కరెంటు ఎంత కావాలి?

డేటన్ కుర్రాడు
అందరికీ నమస్కారం. ఒహాయోలో ఉంటాను. మా చుట్టుపక్కల మూడు పాత పచింకో (నిలువు బోర్డు మీద ఉక్కు గోళీలతో ఆడే జపాన్ ఆట) మెషీన్లు అమ్మకానికి పెట్టారు. బేస్‌మెంట్‌ గోడకి ఒకటి పెట్టుకోవాలని ఎప్పట్నుంచో ఆశ. కరెంటు సంగతి దగ్గరే ఆగిపోయా. ముగ్గురు అమ్మేవాళ్లూ మూడు రకాలుగా రాశారు.

మొదటిది నిషిజిన్ కంపెనీది, 1970ల నాటిది, 80 డాలర్లు. "వెనక రెండు వైర్లు వేలాడుతున్నాయి, ప్లగ్గు లేదు, పనిచేస్తుందో లేదో చూడలేదు" అని ఉంది.

రెండోది సాంక్యో, 150. లివర్ లేదు, గుండ్రటి నాబ్ ఉంది. "24 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, మా దగ్గర లేదు" అంటున్నారు.

మూడోది "పచింకో స్లాట్ మెషీన్, ప్లగ్గు పెడితే చాలు", 200. ఫొటోలో గోళీలు ఎక్కడా కనబడట్లేదు, మూడు రీళ్లు మాత్రం ఉన్నాయి.

ఏది కొంటే తలనొప్పి తక్కువ? ఒకే ట్రాన్స్‌ఫార్మర్ అన్నిటికీ సరిపోతుందా?

పాత సామాను పిచ్చి
బ్రో, మూడోదాన్ని పక్కన పెట్టెయ్. అది పచింకో కాదు, పచిస్లో. గోళీలుండవు, టోకెన్లు వేసి రీళ్లు తిప్పే ఆట. అమ్మేవాళ్లలో సగం మందికి ఆ తేడా తెలీదు, జపాన్ నుంచి వచ్చిన ప్రతిదాన్నీ పచింకో అనేస్తారు. దాని కరెంటు లెక్క పూర్తిగా వేరు.

మిగతా రెండింట్లో ఏది ఏ కాలానిదో తెలియాలంటే కుడిచేతి వైపు కింద చూడు. స్ప్రింగు లివర్ ఉంటే (బొటనవేలితో నొక్కి వదిలితే గోళీ ఎగిరేది) అది పాతది, ఆటకి కరెంటు అక్కర్లేదు. తిప్పే గుండ్రటి నాబ్ ఉంటే గోళీని మోటారు కొడుతుంది, కరెంటు లేకపోతే అది ఉత్త బీరువా.

రెండు రీళ్లు
ఇంత ఆలోచన దేనికి? జపాన్‌లో ఇళ్లకిచ్చే కరెంటు 100 వోల్టులు. అమెరికాలో 120. ఒక స్టెప్‌డౌన్ (వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్) కొని, ఆ నిషిజిన్ రెండు వైర్లకి ప్లగ్గు బిగించెయ్, అయిపోతుంది. నా మెషీన్ అలాగే నడుస్తోంది.

ఫ్యూజు వైరు
పై సలహా దయచేసి ఎవరూ పాటించొద్దు. జపాన్ ఇళ్లలో 100 వోల్టులు నిజమే. కానీ పచింకో మెషీన్ ఇంటి సామాను కాదు. జనం వచ్చి పచింకో ఆడే హాల్లో వరసగా నిలబెట్టి, ఒకే చోట నుంచి 24 వోల్టుల ఏసీ ఇచ్చేవాళ్లు. 100 వోల్టులు ఎప్పుడూ ఆ మెషీన్ దాకా రాలేదు, కాబట్టి దాన్ని తట్టుకునేలా లోపల ఏదీ కట్టలేదు.

24 వోల్టుల బల్బుకి 100 ఇస్తే వోల్టేజి నాలుగింతలకు పైమాటే. పవర్ దాని వర్గంతో పెరుగుతుంది, అంటే పదిహేడు రెట్లు. బల్బు టప్పున పోతుంది. పోయేది బల్బొక్కటే అయితే ఫరవాలేదు. ఈ మెషీన్ల వెనక స్విచ్చులంటే రెండు రాగి రేకులు, వాటి మీద మూత కూడా ఉండదు. ముందేమో క్రోమ్ పూత ఉన్న లోహపు చట్రం, చేతిలో ఉక్కు గోళీలు. యాభై ఏళ్ల నాటి వైరు తొడుగు ఎక్కడో పొడిపొడిగా రాలి ఉంటుంది. పిల్లలున్న ఇంట్లో అలాంటి దానికి మెయిన్స్ తగిలిస్తారా?

రెండు రీళ్లు
సార్, నా మెషీన్ వెనక ప్లేటు మీద 100 వోల్టులనే రాసుంది. నేను ఊహించి చెప్పలేదు.

ఫ్యూజు వైరు
మీ ఐడీ చూస్తేనే అర్థమవుతోంది, మీది పచిస్లో. దాని లోపల సొంత పవర్ బాక్సు ఉంటుంది, దానికి ప్లగ్గు ఉంటుంది, 100 వోల్టులు దానికి సరైనదే. అమెరికాలో చాలామంది దాన్ని నేరుగా 120కే పెట్టేస్తారు. 100కి దించి వాడటం మంచిదని నా అభిప్రాయం. ఇక్కడ ఈ అబ్బాయి అడిగింది రెండు వైర్లు బయటికి వేలాడే మెషీన్ గురించి.

నగోయా బాబాయి
నేనుండేది జపాన్‌లో, నగోయా ఉన్న ఐచి ప్రిఫెక్చర్‌లో (అంటే మన జిల్లా లాంటిది). రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పచింకో మళ్లీ పుంజుకుంది ఈ నగోయాలోనే. బోర్డు మీద గోళీలు తగిలి దొర్లే మేకులు ఇప్పుడు మనం చూసే తీరులో కొట్టడం మొదలుపెట్టిన మసమురా తకేయిచి ఇక్కడే ఉండేవాడు. 1940ల చివర్లో ఆయన పెట్టిన ఆ అమరికనే నేటికీ మసమురా గేజ్ అంటారు.

హాల్లో మెషీన్ల వరసని షిమా అంటారు, అంటే దీవి. రెండు వరసలు వీపులు ఆనించి నిలబడతాయి, మధ్యలో సందు. పాత రోజుల్లో పనివాళ్లు ఆ సందులో తిరుగుతూ ఖాళీ అయిన మెషీన్లలో గోళీలు పోసేవాళ్లు. 1970ల మెషీన్‌లో దీపాలు పెట్టింది అందుకే. ఒకటి "వెనక గోళీలు అయిపోయాయి" అని చెప్పేది. ఇంకోటి గెలిచినప్పుడు ఒక్క క్షణం వెలిగేది. ఆట మాత్రం అంతా బరువు, స్ప్రింగు మీదే నడిచేది.

డేటన్ కుర్రాడు
అంటే నిషిజిన్‌కి వైర్లు పీకేసినా ఆడొచ్చా బాబాయ్ గారూ?

నగోయా బాబాయి
హాయిగా ఆడొచ్చు నాయనా. వెనక తలుపు తీసి చూడు. పైన గోళీల తొట్టి, దాని కింద వాలుగా కాలువ. కాలువలో గోళీలు బారులు తీరి ఆగి ఉంటాయి. ముందు వైపు గెలుపు గుంతలో పడిన గోళీ వెనక్కి దొర్లి ఒక చిన్న మీటని నొక్కుతుంది. మీట పక్కకి ఒరిగితే తూగుడుబల్ల లాంటి రేకు ఊగి లెక్క ప్రకారం గోళీలు వదిలి మళ్లీ మూసుకుంటుంది, చాలా మెషీన్లలో ఆ లెక్క 15. గంట కూడా సుత్తితో కొట్టే మామూలు గంటే. ఈ మొత్తంలో కరెంటుకి పనే లేదు.

పాత సామాను పిచ్చి
అందుకే "కరెంటు లేదు, టెస్ట్ చేయలేదు" అన్న మాట లివర్ మెషీన్ విషయంలో కుంటిసాకు. టెస్ట్ చేయడానికి కరెంటు ఎందుకు? నువ్వు చూడ్డానికి వెళ్లినప్పుడు తొట్టిలో గోళీలు పొయ్యమను. అద్దం తలుపు తీసి ఒక గోళీ చేత్తో గెలుపు గుంతలో వెయ్యి. గంట మోగి, గోళీలన్నీ ముందు పళ్లెంలోకి దడదడా వస్తే మెషీన్ బతికే ఉంది. నాలుగైదే వచ్చి ఆగితే కాలువలో తుప్పో, జిడ్డో. అది బాగవుతుంది, కానీ ధర తగ్గించమని అడగడానికి పనికొస్తుంది.

గోళీలు ఇస్తున్నారో లేదో కూడా అడుగు. 11 మిల్లీమీటర్లవి, ఒక్కోటి ఐదున్నర గ్రాముల దాకా ఉంటుంది. దొరక్కపోతే బేరింగ్ షాపులో 7/16 అంగుళాలవి తెస్తారు కొందరు, అవి 11.11 వస్తాయి. చాలా మెషీన్లలో వెళ్లిపోతాయి, కాలువ బిగుతుగా ఉంటే ఇరుక్కుంటాయి.

చూస్తూ ఉంటా
ఎప్పుడూ చదవడమే, ఇవాళ రాస్తున్నా. మా ఆఫీసులో ఒకాయన దగ్గర ఇలాంటిది ఉంది. వెనక పెద్ద చదరపు 6 వోల్టుల బ్యాటరీ తగిలించి ఉంది, లాంతర్లలో వేసేది. మరి 24 అంటున్నారేంటి?

పాత సామాను పిచ్చి
రెండూ నిజమే. జపాన్ హాళ్లు కొత్త మోడల్ వచ్చినప్పుడల్లా పాతవి తీసేసేవి. 1970లలో అవి కుప్పలుగా అమెరికాకి వచ్చాయి. ఇక్కడి ఇళ్లలో 24 వోల్టుల ఏసీ ఎవరు పెట్టుకుంటారని, అమ్మిన కంపెనీలు కొన్ని బల్బులు మార్చి బ్యాటరీ పెట్టుకునేలా చేసి ఇచ్చాయి. ఆ తర్వాత ఈ యాభై ఏళ్లలో ఎన్ని చేతులు మారిందో, ఎవరు ఏ బల్బు పెట్టారో దేవుడికే తెలియాలి. అందుకని కంపెనీ పేరుని బట్టో ఏడాదిని బట్టో వోల్టేజి చెప్పడం కుదరదు. లోపల ఉన్న బల్బు ఎంతంటే అంత.

ఇంకో మాట, ఆ బ్యాటరీ పెట్టినవాళ్లు తరచూ "రెండు మూడు రోజుల్లో అయిపోతోంది" అంటారు. షోకేసులో పెట్టి గోళీలు పొయ్యకపోతే, గోళీలు అయిపోయాయని చెప్పే ఆ ఖాళీ దీపం వెలుగుతూనే ఉంటుంది మరి! గోళీల బరువే ఆ స్విచ్చుని విడదీసి ఉంచుతుంది.

ఫ్యూజు వైరు
బాగా చెప్పారు. బల్బు చదవడం గురించి రాస్తాను. దాన్ని మెల్లగా నొక్కి తిప్పి తీసి (మర రకమైతే తిప్పితే చాలు) ఇత్తడి అడుగు భాగం చుట్టూ చూడండి. అక్షరాలు చాలా సన్నగా అచ్చొత్తి ఉంటాయి, నల్లబడి ఉంటే గుడ్డతో తుడిచి, ఫోన్ టార్చి పక్క నుంచి వేసి భూతద్దంతో చూస్తే తేలతాయి. జపాన్ బల్బయితే వోల్టులు నేరుగా రాసి ఉంటుంది. అమెరికాలో మార్చిన బల్బయితే ఉత్త నంబరే ఉంటుంది. 47 అంటే 6.3 వోల్టులు, 0.15 ఆంపియర్లు. 44 కూడా 6.3 వోల్టులే, 0.25 ఆంపియర్లు. 53 అంటే 14.4 వోల్టులు, 0.12. 313 అంటే 28 వోల్టులు, 0.17, దీన్ని 24 మీద నిశ్చింతగా వాడొచ్చు, కాస్త మెత్తగా వెలిగి ఎక్కువ కాలం మన్నుతుంది.

47 నంబరు బల్బు తినేది ఒక వాటు కూడా లేదు. 313 పూర్తి వోల్టేజి మీద ఐదు వాట్ల లోపు. లివర్ మెషీన్ కరెంటు అవసరం అంతా అంతే.

రెండు రీళ్లు
అక్షరాలు చెరిగిపోతే? మీటర్‌తో ఓమ్స్ కొలిచి లెక్క కట్టొచ్చు కదా.

ఫ్యూజు వైరు
కుదరదండీ. చల్లగా ఉన్న ఫిలమెంటు రెసిస్టెన్సు, వెలిగే ఫిలమెంటు రెసిస్టెన్సులో పదో వంతు ఉంటుంది. 47 బల్బు వెలిగేటప్పుడు 42 ఓమ్స్, మీటర్ మాత్రం నాలుగో ఐదో చూపిస్తుంది. ఆ అంకెతో ఓమ్ సూత్రం పెడితే ఎక్కడికో పోతాం. బల్బు బతికుందా చచ్చిందా అన్నది మాత్రం తెలుస్తుంది.

చెరిగిపోయిన బల్బుకి నేనైతే ముందు 6 వోల్టులు ఇస్తాను. ఫిలమెంటు ఎర్రగా మినుక్కుమంటే అది పెద్ద వోల్టేజిది, 12కి వెళ్లొచ్చు, ఆపైన 24. తెల్లగా కళ్లకి కొట్టేలా వెలిగితే అక్కడే ఆపాలి. ఎప్పుడూ కింది నుంచి పైకే వెళ్లాలి.

చూస్తూ ఉంటా
మెషీన్‌లో ఉన్నది రెండు దీపాలే కదా, 12 వోల్టుల బల్బులు రెండు పెట్టి, సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటి) కలిపి 24 ఇస్తే సరి!

కోఠీ గల్లీ
గట్ల కాదన్నా. ఆ రెండు దీపాలు ఒక్కసారి ఎలగవు గద. ఒకటి ఖాళీ అయినప్పుడు, ఇంకోటి గెలిచినప్పుడు. దేని స్విచ్చు దానిదే. సిరీస్ల పెడితే ఒక స్విచ్చు తెరిచి ఉన్నంతసేపు రెండూ ఎలగవు.

నాకు హైదరాబాద్‌ల రిపేర్ షాపుంది. మా కస్టమర్ ఒకాయన ఉద్యోగానికి జపాన్ పోయి తిరిగొస్తా ఇట్లాంటిదే కంటైనర్‌ల ఏసుకొచ్చిండు. ఇక్కడ 230 వోల్టులు, మరి దేనికి తగిలిస్తం? గుజరాతీ గల్లీల 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చిన. మన ఆంప్లిఫయర్లల్ల ఏసేదే. మధ్య వైరు, ఒక చివర వైరు పట్టుకుంటే 12. మధ్య వైరు ఇడిచిపెట్టి రెండు చివరలు పట్టుకుంటే 24. ఒక్క ముక్కతోని రెండు పనులు. ఇడిచిపెట్టిన వైరు కొసకి స్లీవ్ ఏసి కట్టాలె, గాలికి వదిలిపెట్టొద్దు.

డేటన్ కుర్రాడు
అన్నా, అమెరికాలో అలాంటిది ఎక్కడ దొరుకుతుంది?

కోఠీ గల్లీ
అమెరికా ముచ్చట నాకెట్ల తెలుస్తదన్నా. ఫ్యూజు వైరు సార్ చెప్తడు.

ఫ్యూజు వైరు
మీ ఇంట్లోనే ఒకటుంది. హీటర్, ఎయిర్ కండిషనర్ థర్మోస్టాట్‌కి (గదిలో వేడి, చల్లదనం సరిచేసే గోడ స్విచ్చు) వెళ్లేది 24 వోల్టుల ఏసీయే. అదే ట్రాన్స్‌ఫార్మర్ కొత్తది హార్డ్‌వేర్ దుకాణంలో దొరుకుతుంది, 40 వీఏ (వోల్టులు, ఆంపియర్లు గుణిస్తే వచ్చేది) రకం. అంటే సుమారు 1.6 ఆంపియర్లు. 24 వోల్టుల బల్బులున్న లివర్ మెషీన్‌కి పుష్కలం. డోర్‌బెల్ ట్రాన్స్‌ఫార్మర్ జోలికి పోకండి, అది సాధారణంగా 16 వోల్టులు, ఏ బల్బుకీ సరిగ్గా కుదరదు. ఏది వాడినా 24 వైపు ఒక ఆంపియర్ ఫ్యూజు పెట్టండి. ట్రాన్స్‌ఫార్మర్ డబ్బాలో మూసి ఉండాలి, 120 వైపు అతుకులేవీ బయటికి కనబడకూడదు.

బల్బుకి ఏసీ అయినా డీసీ అయినా ఒకటే. 12 వోల్టుల బల్బయితే పాత రౌటర్ అడాప్టర్ చాలు.

పాత సామాను పిచ్చి
రెండో మెషీన్ సంగతి చెప్పలేదు ఎవరూ. సాంక్యో 1980లో ఫీవర్ అనే మోడల్ తెచ్చింది, ఆ తర్వాత పచింకో రూపమే మారిపోయింది. బోర్డు మధ్యలో తిరిగే డ్రమ్ములు, సర్క్యూట్ బోర్డులు, మోటార్లు, సోలెనాయిడ్లు (కరెంటిస్తే మీటని లాగే తీగచుట్టలు). నాబ్ ఉన్నదంటే చాలావరకు ఆ కాలానిదో, ఆ తర్వాతదో. అమ్మేవాడు 24 వోల్టులన్నాడు, అది నిజమే. ఆంపియర్లు చెప్పలేదు, అసలు తిప్పలు అక్కడ. నా దగ్గరున్న 1990ల మెషీన్‌కి 24 వోల్టులు, 5 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్ వాడుతున్నా, అంటే 120 వీఏ. థర్మోస్టాట్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే దీపాలు వెలుగుతాయి, జాక్‌పాట్ పడి అన్నీ ఒక్కసారి లాగగానే వోల్టేజి కుంగిపోయి బోర్డు రీసెట్ అవుతుంది.

చూస్తూ ఉంటా
24 వోల్టుల డీసీ అడాప్టర్లు, ఆ ఇటుకల్లాంటివి, చవగ్గా దొరుకుతున్నాయి, 5 ఆంపియర్లవి. అవి పెట్టకూడదా?

ఫ్యూజు వైరు
పెట్టకూడదు. ఆ మెషీన్ బోర్డు ఏసీ తీసుకుని తనే డీసీ చేసుకుంటుంది. 24 వోల్టుల ఏసీని డీసీగా మార్చి కెపాసిటర్‌లో నింపితే 34 దగ్గరకి వెళ్తుంది, బోర్డు ఆ లెక్కతో కట్టారు. మీరు 24 డీసీ ఇస్తే దానికి అందేది 22, 23. పైగా గోళీ కొట్టే మోటారు నేరుగా ఏసీ మీద నడిచే రకమైతే డీసీకి అది తిరగదు, ఊరికే వేడెక్కుతుంది.

50, 60 హెర్ట్జ్ (ఏసీ కరెంటు సెకనుకి ఎన్నిసార్లు అటూ ఇటూ మారుతుందో ఆ లెక్క) గురించి ఎవరో అడిగేలోపే చెబుతాను. జపాన్‌లోనే తూర్పు సగం 50, పడమటి సగం 60. ఈ మెషీన్లు రెండు వైపులా అమ్మారు. మెషీన్‌కి ఇబ్బంది లేదు. కానీ అమెరికా ట్రాన్స్‌ఫార్మర్‌ని మాత్రం హైదరాబాద్ తీసుకెళ్లి 230కి పెట్టకండి.

నగోయా బాబాయి
నాబ్ మెషీన్‌లో ఇంకో తిరకాసు. నాబ్ తిప్పితే చాలదు, చెయ్యి దాన్ని తాకి ఉండాలి, లోపల స్పర్శ పట్టే అమరిక ఉంటుంది. ఎర్త్ లేకపోతే కొన్ని మెషీన్లు చేతిని గుర్తించవు. అన్నీ వెలుగుతాయి, గోళీ మాత్రం కదలదు. అమ్మేవాడు మోటారు పోయిందనుకుని చవగ్గా ఇచ్చేస్తాడు. అది మీ అదృష్టం.

మెషీన్ మీద సీఆర్ అని రాసుంటే అది 1992 తర్వాతిది, కార్డుతో నడిచేది. పక్కన కార్డు యూనిట్ లేనిదే గోళీలివ్వదు. ఇంట్లో ఆడాలంటే ఆ యూనిట్ ఉన్నట్టు నమ్మించే చిన్న బోర్డు విడిగా కొనాలి. అది లేకుండా అమ్మితే ధరలో ఆ మేరకి తీసెయ్యండి.

డేటన్ కుర్రాడు
నిన్న సాయంత్రం నిషిజిన్ చూడ్డానికి వెళ్లా. గోళీ వేస్తే గంట మోగింది, 15 వచ్చాయి. బల్బులు తీసి చూస్తే తమాషా. గెలుపు దీపం మీద 24 అని జపాన్ బల్బు. ఖాళీ దీపం మీద 47. ఒకే రెండు వైర్లు రెండింటికీ వెళ్తున్నాయి. ఇప్పుడు ఎంత ఇవ్వాలి?

కోఠీ గల్లీ
ఖాళీ దీపమే ఎక్కువసేపు ఎలుగుద్ది, అదే ముందు పోతది. పోయినప్పుడు ఎవరో దొరికింది పెట్టిండ్రు. 24 ఇస్తే 47 ఆడికాడనే పోతది. 6 ఇస్తే జపాన్ బల్బు ఎలిగినట్టే కనబడది.

ఫ్యూజు వైరు
ముందు ఏ వోల్టేజి వాడతారో తేల్చుకుని రెండు బల్బులూ దానికి తగ్గవి పెట్టండి. 24 అనుకుంటే 47 తీసేసి 313 పెట్టండి, థర్మోస్టాట్ ట్రాన్స్‌ఫార్మర్, ఫ్యూజు. హోల్డర్ పిన్నులు సరిపోతాయో లేదో తీసిన 47ని పట్టుకెళ్లి పోల్చుకోండి. బ్యాటరీతో సరిపెట్టుకుందామంటే జపాన్ బల్బు తీసి దాచుకుని, రెండు వైపులా 47 పెట్టండి.

స్విచ్చు రేకులు నల్లబడి ఉంటే ఉప్పుకాగితం వద్దు, పూత పోతుంది. విజిటింగ్ కార్డు ముక్కకి కాస్త స్పిరిట్ రాసి, రేకుల మధ్య పెట్టి రెండుసార్లు లాగండి.

డేటన్ కుర్రాడు
24 ఖాయం. 65కి బేరం కుదిరింది, గోళీలు ఒక సంచి కూడా ఇచ్చారు. శనివారం తెచ్చుకుంటున్నా.

రెండు రీళ్లు
ఆ 200 పచిస్లో ఇంకా ఉందా? లింకు పంపు.